రాజయక్ష్మపై రసాయనం: ఎల్లాప్రగడ సుబ్బారావు

దక్షుని శాపంచేత చంద్రునికి క్షయ కలిగినదని పురాణాలు చెప్తున్నవి. ఇరువదియేడుగురు భార్యలలో రోహిణిని మాత్రమే ఆదరించి తక్కినవారిని ఉపేక్షించినందుకు మామ ఇచ్చిన శాపమది. రాజు అంటే చంద్రుడు. రాజును పట్టిన యక్ష్మం గనుక దానికి రాజయక్ష్మమని పేరు. కథలోని చంద్రునికి ఒక పక్షం క్షీణించినా మరొక పక్షం వృద్ధి పొందే వరం దొరికినది. భూమిమీది రోగికి అటువంటి వరమేదీ 20వ శతాబ్దం నడిమి వరకు లభించలేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి - వైద్యుడు చెప్పగలిగినవి ఇంతే. మదనపల్లి దగ్గర ఆరోగ్యవరంలోనో, వికారాబాదు దగ్గర అనంతగిరి కొండమీదనో శానటోరియంలో మంచం దొరికినవాడు అదృష్టవంతుడు. కరీంనగరు జిల్లాలో బీడీలు చుట్టే ఇల్లాలికి, బెల్లంపల్లి బొగ్గుగనిలో దిగే కూలివానికి, ఉట్నూరు అడవులలోని గోండు రైతుకు ఆ మంచం అందని మాట. దగ్గు, జ్వరం, రక్తం, ఆ తరువాత ఊరివారు మెల్లమెల్లగా దూరం జరగటం - రోగం నడిచే దారి అందరికీ తెలిసినదే.

పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయినవి. అక్కడి ఆరోగ్య కేంద్రాలలో, దేశమంతటా వలెనే, క్షయరోగికి ఇప్పుడు ప్రభుత్వం ఉచితంగా మాత్రలు ఇస్తున్నది. సామాన్యమైన క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసివేసి తక్కిన మూడు. ఈ నాలుగింటిలో పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే రెండింటికి క్షయను కుదిర్చే శక్తి వున్నదని కనిపెట్టినది ఒకే పరిశోధనాలయం. అది అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊరిలో వుండిన లెడర్లే సంస్థ. 1940 మొదలు 1948 వరకు అక్కడి పరిశోధనలను నడిపినవాడు భీమవరంలో పుట్టిన తెలుగువాడు, ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావును గురించి మనవారు వ్రాసేటప్పుడు ఐసోనియాజిడ్‌ను ఆయనే కనిపెట్టినాడని తరచుగా వ్రాస్తూ వుంటారు. అది నిజం కాదు. ఆ పదార్థాన్ని మొట్టమొదట 1912లో ప్రేగు నగరంలో మేయర్, మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసినారు. అది క్షయకు మందని వారికి తెలియదు. ఆ సంగతి బయటపడినది 1952లో, మూడు వేరువేరు సంస్థలలో ఒకేసారి. అప్పటికి సుబ్బారావు మరణించి మూడేండ్లు దాటినవి. అయితే క్షయచికిత్సతో ఆయనకు సంబంధమే లేదని ఎవరైనా అంటే అదీ నిజం కాదు. వున్న సంబంధం ఐసోనియాజిడ్ కథకంటె లోతైనది. మన భక్తి ఆయనకు పరుల కిరీటం పెట్టి, సొంత కిరీటాన్ని కప్పివేసినది.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన జన్మించినాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు చాలమంది, రాబడి తక్కువ. చదువుమీద కంటె డబ్బుమీద పిల్లవానికి మొదట ధ్యాస వుండేది. పదమూడవ ఏట ఇల్లు విడిచి కాశీకి బయలుదేరినాడు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఆలోచన. పెద్దలు దారిలోనే పట్టి వెనుకకు తెచ్చినారు. ఆ తరువాత తండ్రి పోయినాడు. తల్లి నగలు అమ్మి చదివించినది. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో, మదరాసు హిందూ హైస్కూలునుంచి పూర్తి అయినది. ఎన్ని విద్యాలయాలు తమ గోడలమీద ఆయన చిత్రపటం తగిలించినా, రెండుసార్లు తప్పినవాడన్న మాట కూడా పిల్లలకు చెప్పటం మంచిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదివేటప్పటికి ధనాశ పోయి వైరాగ్యం పట్టినది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరినాడు. తల్లి ఒప్పుకోలేదు. సన్యాసం కాకపోతే సేవ అయినా చేయవచ్చునని వైద్యవిద్యకు మరలినాడు. మదరాసు వైద్య కళాశాలలో చదువు స్నేహితుల సహాయంతోను, కస్తూరి సూర్యనారాయణమూర్తి సహాయంతోను నడిచినది. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడినాడు.

గాంధీజీ పిలుపు విని విదేశీ వస్త్రాలు మానివేసిన రోజులవి. శస్త్రచికిత్స తరగతికి కూడ సుబ్బారావు ఖద్దరు అంగీతోనే వెళ్లినాడు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. పరీక్షలన్నీ బాగా వ్రాసిన విద్యార్థికి ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. దక్కినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కూడా దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడుపుతూ వుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించటానికి చేరినాడు.

ఈ మలుపు చిన్నది కాదు. అంతకు ముందే ఆయన ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే గ్రహణితో చనిపోయినారు. ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి చిక్కిపోయే వ్యాధి అది. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చినది. ఆయనను బ్రతికించినది లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద చికిత్స. పాశ్చాత్య వైద్యం చదివినవాడు దేశీయ వైద్యంచేత బ్రతికి, ఆ మందులలో పని చేసే పదార్థమేదో తెలుసుకోవాలని తహతహలాడినాడు. ఓషధులలో గుణమున్నదని నమ్మటంతో ఆగితే ఆయన మంచి ఆయుర్వేద పండితుడై వుండేవాడు. ఆ గుణం ఏ అణువులో వున్నదని అడిగినాడు గనుక రసాయన శాస్త్రజ్ఞుడైనాడు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారు కలిసి ప్రయాణపు ఖర్చు భరించినారు. 1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావు బోస్టను నగరంలో దిగినాడు. భార్య ఇక్కడనే వుండిపోయినది. పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయినాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. తానూ మళ్లీ స్వదేశానికి రాలేదు. శేషగిరి భర్తకోసం ఎదురుచూచిన సంవత్సరాలను ఏ శాస్త్రపత్రికా లెక్కించలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల విద్య చదువుతూ, పొట్టకోసం రాత్రివేళ ఒక ఆసుపత్రిలో కూలిపని చేసినాడు. రోగుల మలమూత్ర పాత్రలు కడగటం ఆ పనిలో భాగం. మదరాసులో వైద్యపట్టం పొందినవాడు బోస్టనులో ఆ పని చేయవలసి వచ్చినది. ఆ తరువాత జీవరసాయన శాఖలో ఆటో ఫోలిన్ అనే ఆచార్యుని వద్ద చేరి, సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పని ప్రారంభించినాడు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత వున్నదో కొలిచే పద్ధతిని 1925లో వారు ప్రకటించినారు. ఇద్దరి పేర్లతో ప్రసిద్ధమైన ఆ పద్ధతి కొన్ని తరాల విద్యార్థులకు ప్రయోగశాలలో తొలి పాఠమైనది.

భాస్వరాన్ని వెంబడించి పోగా కండరంలో రెండు రత్నాలు దొరికినవి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. మనిషి వేలు కదపాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఖర్చయ్యే శక్తి ఈ రెండవ పదార్థంలో నిలువ వుంటుంది. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనిపెట్టినాడు. కండరపు శక్తికి లాక్టికామ్లమే మూలమని నోబెల్ బహుమానం పొందిన సిద్ధాంతం వీటితో తలక్రిందులైనది. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు వచ్చినది గాని స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. ఆయన వేరుచేసిన మరికొన్ని పదార్థాలను ఫిస్క్ అసూయచేత వెలుగులోకి రానీయలేదనీ, వాటిని తరువాత ఇతరులు మళ్లీ కనిపెట్టవలసి వచ్చినదనీ, ఆనాడు అక్కడనే చదివి ఆ పిమ్మట నోబెల్ బహుమానం పొందిన హిచింగ్స్ అనంతర కాలంలో చెప్పినాడు. సుబ్బారావు మాత్రం ఎవరిమీదనూ ఫిర్యాదు చేసినట్లు కనపడదు. పేరుకోసం పెనుగులాడటం ఆయన స్వభావం కాదు. దీనిని సద్గుణమనే అందరూ పొగుడుతారు. కాని తన శ్రమకు తాను సాక్ష్యం చెప్పనివాని చరిత్రలో తరువాతివారు అసత్యాలు చేర్చటం కూడా సులభమే. ఐసోనియాజిడ్ కథ అటువంటిదే.

1940లో హార్వర్డు విడిచి లెడర్లే సంస్థలో చేరినాడు. త్వరలోనే అక్కడి పరిశోధనకు అధిపతి అయినాడు. ఆ ఎనిమిదేండ్లలో జరిగిన పని చెప్పాలంటే ఒక్కొక్కదానికీ ఒక వ్యాసం కావాలి. కాలేయంలోని ఫోలికామ్లాన్ని ఆయన బృందం వేరుచేసి, 1945లో కృత్రిమంగా నిర్మించినది. ఆ వార్త తెలిపిన పత్రంమీద పదహారుమంది పేర్లున్నవి. నాయకుని పేరు వాటి నడుమ ఎక్కడో వెదకవలసి వుంటుంది. ఆ ఫోలికామ్లం స్ప్రూ వ్యాధికి పని చేసినది. సోదరులను మ్రింగిన జబ్బుకు మందు పాతికేండ్ల తరువాత అన్న చేతికో తమ్ముని చేతికో గాక, ఎవరెవరో అపరిచితుల చేతికి అందినది. ఫోలికామ్లాన్ని పోలి వుండి దాని పని చెడగొట్టే కృత్రిమ పదార్థాలను లెడర్లే రసాయన శాస్త్రజ్ఞులు నిర్మించగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ వాటితో రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు 1948లో కొంత ఆయుర్దాయం పోసినాడు. వాటి సంతతిలోనిదే మెథోట్రెక్సేట్. వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మిస్సోరి మట్టిలోని బంగారువన్నె బూజునుంచి ఆరియోమైసిన్ తీసినది కూడ ఈ కాలంలోనే. బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ 1947లో వెలువడినది. డి.ఇ.సి. అన్న పేరుతో ఆ మాత్రలనే ఇటీవల ఏడాదికొకసారి కరీంనగరు ప్రాంతపు పల్లెలలో ఇంటింటా పంచుతూ వచ్చినారు. బోదకాలు ఆ జిల్లాలో ఏనాటినుంచో వేరూనిన జబ్బు. పంచినవారిలోను, మింగినవారిలోను ఎందరికి సుబ్బారావు పేరు తెలుసునో చెప్పలేము.

ఇక క్షయ. 1943లో అమెరికాలో షాట్జ్, వాక్స్‌మన్ స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టటంతో క్షయక్రిమిని చంపగల మందు లోకంలో మొదటిసారి పుట్టినది. ఆనందం ఎక్కువకాలం నిలువలేదు. అది సూదిమందు, నెలల తరబడి పొడిపించుకోవాలి. చెవుడు తెచ్చేది. అన్నిటికంటె పెద్ద చిక్కు, ఆ మందు ఒక్కటే ఇస్తే కొన్ని నెలలలో క్రిములు దానికి అలవాటుపడి లొంగకుండా పోయేవి. కావలసినది నోటితో మింగేది, చౌకైనది, కర్మాగారంలో తయారుచేయగలది. అంటే మట్టిలో దొరికే బూజు కాదు, రసాయన శాస్త్రజ్ఞుడు అణువు అణువుగా నిర్మించే పదార్థం.

సుబ్బారావు బృందానికి దారి ఒక విటమిను చూపినది. నికోటినమైడ్ అనేది బి విటమినులలో ఒకటి. అది లోపిస్తే పెల్లాగ్రా అనే చర్మవ్యాధి, మతిభ్రమ కలుగుతవి. జొన్న తినే తెలంగాణపు బీదలలో ఆ జబ్బు వుండటం వైద్యులకు క్రొత్త కాదు. దాని తోబుట్టువైన నికోటినికామ్లాన్ని మొదట పొగాకులోని నికోటిన్‌నుంచే చేసినారు. ఆ పేరు అందుచేతనే వచ్చినది. బీడీ పొగాకు ధూళి పీల్చి దగ్గే మనిషి క్షయకు మందు ఆ పొగాకు పేరు పెట్టుకొన్న విటమిను దారిన రావటం విధి ఆడిన వింత ఆట. ఈ విటమినును పెద్ద మోతాదులో ఇస్తే ప్రయోగ జంతువులలో క్షయ నెమ్మదిస్తున్నదని 1945లో ఫ్రాన్సులో షోరీన్ గమనించినాడు. అది అంతగా ప్రచారం పొందలేదు. లెడర్లేలో మెకెంజీ, కుష్నర్ మొదలైనవారు సుబ్బారావుతో కలిసి ఎలుకలమీద ఆ విషయాన్నే స్వతంత్రంగా చూచి 1948లో ప్రకటించినారు. ఆకలికి కావలసిన విటమిను క్షయక్రిమికి శత్రువు కావటం ఎవరూ ఊహించనిది.

విటమిను స్వయంగా మందు కాలేదు. దాని బలం చాలదు. కాని అది ఒక ఆనవాలు. ఆనవాలు దొరికినప్పుడు సుబ్బారావు పద్ధతి ఏమిటో ఫోలికామ్లం విషయంలో లోకం చూచినదే: అణువును పట్టుకొని, దాని అంచులలో ఒక్కొక్క ముక్క మార్చి, మారిన ప్రతి పదార్థాన్నీ జంతువుమీద పరీక్షించటం. నికోటినమైడ్‌లో ఆరు పరమాణువుల వలయం వుంటుంది. అయిదు కర్బనాలు, ఒక నత్రజని. ఆ వలయానికి ఒక తోక. తోకకు ఏది తగిలిస్తే బలం హెచ్చునో, వలయంలో ఏది మార్చితే ఏమగునో తెలుసుకోవాలి. కుష్నర్ బృందం అటువంటి పదార్థాలను వరుసగా తయారుచేసి 1948లో ఒక రసాయన పత్రికలో వివరించినది. క్షయకు ప్రయోగ చికిత్స అన్న శీర్షికతో, ఒకటవ భాగమని సంఖ్య వేసి ప్రకటించిన ఆ పత్రంమీద ఆరుగురి పేర్లు. చివరి పేరు సుబ్బారావుది.

ఒకటవ భాగమన్నారంటే రెండవది వున్నదన్నమాట. దానిని చూడటానికి ఆయన మిగలలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి, నిద్రలోనే, గుండె ఆగి మరణించినాడు. వయస్సు 53 ఏండ్లు. ఇరువదియారేండ్లు నివసించిన దేశంలో పౌరుడు కాకుండానే పోయినాడు. స్వతంత్రమైన భారతదేశాన్ని కన్నులారా చూడనూ లేదు.

ఆనవాలు మాత్రం చావలేదు. నికోటినమైడ్‌కు క్షయమీద శక్తి వున్నదన్న సమాచారమూ, జర్మనీలో డోమాక్ కనిపెట్టిన థయోసెమికార్బజోను మందుల సమాచారమూ కలిపి చూచిన రోష్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్బర్టు ఫాక్స్ రెండు లక్షణాలూ వున్న పదార్థం తయారుచేయబోయినాడు. ఆ నిర్మాణంలో నడిమి మెట్టుగా వాడదలచినది ఐసోనియాజిడ్. తీరా చూస్తే చివరి పదార్థంకంటె నడిమి మెట్టే బలమైనది. స్క్విబ్ సంస్థ, జర్మనీలోని బేయర్ సంస్థ కూడ అదే సమయంలో అక్కడికే చేరినవి. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆసుపత్రిలో మంచం దిగలేని రోగులకు ఐసోనియాజిడ్ ఇవ్వగా ఆకలి పుట్టి, బరువు పెరిగి, వారు లేచి తిరగసాగినారు. ఆ పదార్థం నలుబదేండ్ల క్రితమే పుస్తకాలకెక్కినది గనుక దానిమీద ఏ సంస్థకూ గుత్తాధిపత్యం దొరకలేదు. మందు చౌకగానే వుండిపోయినది. బీదరోగికి ఇంత మేలు చేసిన మతిమరుపు వైద్యచరిత్రలో మరొకటి వుండకపోవచ్చు. సుబ్బారావుకు ఇందులో వున్న పాలు ఇంతే: ఆయన బృందం ప్రకటించిన ఆనవాలు, తాను కనిపెట్టని మందుకు దారిలోని ఒక గుర్తు. ఇంత అనటం చాలు. ఇంతకంటె అనటం అన్యాయం.

లెడర్లే తన దారిన తాను పోయినది. వలయంలోని అయిదు కర్బనాలలో ఒకదానిని తీసి దాని స్థానంలో రెండవ నత్రజనిని కూర్చినారు. అదే పైరజినమైడ్. ఆ పదార్థం కూడ క్రొత్తది కాదు, 1936లోనే తయారైనది. క్షయమీద దాని శక్తి 1952లో కుష్నర్ బృందానికి తెలిసినది. ఇందులో ఒక సూక్ష్మమున్నది. గాజుగొట్టంలో మామూలు పోషకద్రవంలో పెరిగే క్షయక్రిమిని పైరజినమైడ్ ఏమీ చేయదు. పులుపు వున్నచోటనే, అంటే రోగం చేరిన కణజాలంలో ఆమ్లగుణం కలిగిన తావులలోనే, అది పనిచేస్తుంది. గాజుగొట్టపు పరీక్షను నమ్మి వుంటే ఆ పదార్థాన్ని పారవేసి వుండేవారు. విటమినులతో పని చేసి అలవాటుపడిన లెడర్లే బృందం ఎలుకమీదనే పరీక్ష చేసినది గనుక మందు దక్కినది.

దక్కినా దానికి మంచిరోజులు రావటానికి రెండు దశాబ్దాలు పట్టినది. మొదట పెద్ద మోతాదులో ఇచ్చినందున కాలేయం చెడి కొందరు రోగులు ప్రమాదంలో పడినారు. మందును మూలకు నెట్టినారు. 1956లో న్యూయార్కులో మెక్‌డర్మట్ సహచరులు ఐసోనియాజిడ్‌తో కలిపి ఇస్తే ఎలుక శరీరంలో దాగిన క్రిములు సైతం కంటికి కనపడకుండా పోతున్నవని చూపినారు. 1970వ దశకంలో బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి తూర్పు ఆఫ్రికాలో జరిపిన పరీక్షలలో, మోతాదు తగ్గించి మొదటి రెండు నెలలు పైరజినమైడ్ చేర్చితే, ఏడాదిన్నర చికిత్సను ఆరు నెలలకు కుదించవచ్చునని రుజువైనది. నిద్రపోతున్నట్లు నటించి మందులనుంచి తప్పించుకొనే మొండి క్రిములను ఏరివేసేది అదే. ఇథాంబుటాల్ కథ వేరు: లెడర్లేలోనే అనేక కృత్రిమ పదార్థాలను జల్లెడ పట్టగా తగిలిన ఒక చిన్న ఆధారాన్ని సాగదీసి 1961లో దానిని ప్రకటించినారు. కంటిచూపుమీద దెబ్బ తీసే గుణం వున్నందున దానిని జాగ్రత్తగా ఇవ్వవలసి వుంటుంది. దానికి సుబ్బారావు బృందం పట్టిన విటమిను దారితో చుట్టరికం లేదు. ఎలుకమీద పరీక్షించి చూచే పరిశోధనాలయపు అలవాటు ఒక్కటే వారసత్వం.

సుబ్బారావు ఖద్దరు తొడిగినందుకు పట్టం పోగొట్టుకొన్న మదరాసు నగరమే ఈ మందుల చరిత్రలో మరొకసారి కనపడుతుంది. 1956లో అక్కడ స్థాపించిన క్షయ రసాయన చికిత్సా కేంద్రంలో సగం రోగులను శానటోరియంలోను, సగం మందిని వారి వారి ఇండ్లలోను వుంచి ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చినారు. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో వున్నవారు కూడ శానటోరియం రోగులతో ఇంచుమించు సమానంగా కోలుకొన్నారని 1959లో తేలినది. ఇంటివారికి జబ్బు ఎక్కువగా అంటుకొనలేదు కూడ. కొండమీది గాలికంటె మందు ముఖ్యమని లోకం ఒప్పుకొన్నది ఆనాడే. అనంతగిరిదాకా పోలేని సిరిసిల్ల నేతగానికి, రామగుండం గనికూలికి, ఉట్నూరు గోండు తల్లికి ఇంటి గడపలోనే చికిత్స చేయవచ్చునన్న ధైర్యం ఆ పరీక్షనుంచి వచ్చినది. చిక్కు ఇంకా తీరలేదు. ఆరు నెలలు తప్పకుండా మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, బలం వచ్చి, బీడీ చాటకో గనిలోనికో తిరిగి పోయేవాడు మందు మానివేస్తాడు. మానివేసినవానిలో మిగిలిన క్రిములు మందుకు లొంగని క్రిములై లేస్తవి. స్ట్రెప్టోమైసిన్ నాడు ఎదురైన చిక్కే ఇప్పుడూ ఎదురవుతున్నది.

కుష్నర్ బృందం పైరజినమైడ్ నిర్మాణాన్ని వివరించిన పత్రం 1952లో ఒక అమెరికా రసాయన పత్రికలో వెలువడినది. శీర్షిక పాతదే, క్షయకు ప్రయోగ చికిత్స. దానిప్రక్కన రెండవ భాగమని సంఖ్య. మొదటి భాగానికి చివర వుండిన పేరు ఇందులో లేదు.